సినిమా చేత అడిగించిన ప్రశ్న

'ఆలోచింపజేసే సినిమా' అంటుంటాం. ఆ మాటని ఒకసారి విడదీసి చూడండి. ఆలోచించడం వేరు, ఆలోచింపజేయడం వేరు. తినడానికీ తినిపించడానికీ ఉన్నంత తేడా. రెండోదాంట్లో చేయించేవాళ్లు ఒకరు, చేసేవాళ్లు ఇంకొకరు. మరి శనివారం రాత్రి ఇంట్లో భార్యాభర్తలిద్దరూ తలుపులేసుకుని, దీపం తగ్గించుకుని, ఒక 'ఆలోచింపజేసే' సినిమా పెట్టుకున్నప్పుడు ఎవరు ఎవరి చేత ఆలోచింపజేస్తున్నట్టు?

ఇది కూడా వ్యాసం రాయాల్సినంత విషయమేనా అని నాకూ అనిపించింది. కానీ చాలా రోజులుగా నన్ను వదలకుండా ఉన్న ఒక ఇబ్బంది ఈ చిన్న విషయంలోంచే పుట్టింది.

'డేట్ నైట్' అనే మాట మా ఇంట్లోకి 2020లో వచ్చింది. థియేటర్లు మూసేశారు, బయట తిరిగే వీల్లేదు, ఇద్దరం ఇరవైనాలుగ్గంటలూ ఒకే ఇంట్లో ఉంటూ కూడా ఒకరికొకరం కనబడకుండా పోతున్నామనిపించింది. శనివారం రాత్రి ఫోన్లు లోపలి గదిలో పెట్టేసి ఒక సినిమా చూద్దామన్నది నా సహచరుడు. ఒక వారం తను ఎంచాలి, ఒక వారం నేను ఎంచాలన్నది ఇద్దరం కలిసి పెట్టుకున్న నియమం. సినిమా ఏదో ఒకటి కాకూడదు, తర్వాత కాసేపు మాట్లాడుకునేలా ఉండాలన్న షరతు మాత్రం నాది. పీహెచ్‌డీ చేసినవాళ్లతో కాపురం అంటే ఇలాగే ఉంటుందని తను స్నేహితులతో అనడం విన్నాను.

మా అమ్మకి ఈ ఏర్పాటు గురించి చెప్తే నవ్వింది. అమ్మ చిన్నప్పుడు వాళ్ల ఊరి టూరింగ్ టాకీసులో ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. పెళ్లయ్యాక పక్కపక్క కుర్చీల్లో కూర్చునే హోదా వచ్చింది కానీ, ఏ సినిమాకి అన్నది మాత్రం నాన్న టిక్కెట్లు చేతిలో పెట్టినప్పుడే తెలిసేది. "మీ నాన్నతో సినిమా చూసేదాన్ని. దాని గురించి మాట్లాడేది మాత్రం పక్కింటి అక్కతో" అంది. మర్నాడు పంపు దగ్గర బిందెలు వరసలో పెట్టుకుని, కథ మొదటినుంచీ మళ్లీ చెప్పుకుని, ఎవరిది తప్పో తేల్చేవాళ్లట. 'సంసారం ఒక చదరంగం' వచ్చిన 1987లో వారం రోజులు అదే చర్చ. భర్త పక్కన మౌనం, ఆడవాళ్ల మధ్య విమర్శ. మా తరం ఆ పంపు దగ్గరి మాటల్ని సోఫా మీదికి తెచ్చుకుందనీ, ఇది ప్రగతేననీ నేను గట్టిగానే నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను, కొంచెం సందేహంతో.

ఆ సందేహం మొదలైన శనివారం గురించి చెప్పాలి. అప్పటికి తొమ్మిది రోజుల కిందట నాకొక ఉత్తరం వచ్చింది. ఏడేళ్లు గంటల లెక్కన జీతం తీసుకుంటూ గెస్టు లెక్చరర్‌గా పనిచేశాక, వేరే రాష్ట్రంలో ఒక విశ్వవిద్యాలయంలో పర్మనెంటు ఉద్యోగం. రైల్లో రాత్రంతా ప్రయాణం. ముప్పై రోజుల్లో చేరాలి. ఈ మాట నా సహచరుడికి చెప్పలేదు. ఇంటర్వ్యూకి వెళ్లానని తెలుసు, రాదులే అని ఇద్దరం అనుకున్నాం కూడా. వచ్చిందని చెప్పడానికి నోరు రాలేదు. ఎందుకు రాలేదని అడిగితే ఇప్పుడు నాలుగు కారణాలు చెప్పగలను. అప్పుడు మాత్రం ఒక్కటే: తను ఏమంటాడో ముందు తెలుసుకుని, తర్వాత చెబుదామని.

ఆ వారం ఎంచే వంతు నాది. 'ద గ్రేట్ ఇండియన్ కిచెన్' ఎంచాను.

2021 జనవరిలో జియో బేబీ తీసిన ఈ మలయాళ సినిమా గురించి ఈ పత్రిక చదివేవాళ్లకి కొత్తగా చెప్పాల్సింది లేదు. 2025లో 'మిసెస్'గా హిందీలోకి కూడా వచ్చింది. కొత్త కోడలు, భర్త, మామగారు. భార్యాభర్తలిద్దరికీ సినిమాలో పేర్లు లేవు. రోటి పచ్చడి రోట్లోనే నూరాలి, అన్నం కట్టెల పొయ్యి మీదే వండాలి, బట్టలు చేత్తోనే ఉతకాలి. తిన్నవాళ్లు బల్ల మీదే నమిలి ఊసిన ములక్కాడ పిప్పి. కారుతున్న సింకు గొట్టం, దాని కింద గోనెపట్టా, ప్లంబర్‌కి ఫోన్ చేయడం రోజూ మర్చిపోయే భర్త. ఆ అమ్మాయికి నాట్యం వచ్చు, డాన్స్ టీచరు ఉద్యోగానికి దరఖాస్తు చేసుకోవాలనుకుంటుంది. ఇప్పుడేం తొందర, మన ఇంటికి అవన్నీ నప్పవు అంటారు. నేను ఈ సినిమా ఎంచింది సరిగ్గా ఆ ఒక్క ముక్క కోసం. అంతకుముందే రెండుసార్లు చూశాను. తను చూడలేదు.

గంటా నలభై నిమిషాల సినిమాలో నేను తెర చూసింది చాలా తక్కువ. తన ముఖమే చూస్తూ కూర్చున్నాను. ఉద్యోగం మాట వచ్చినప్పుడు, "పంపిస్తే వీళ్ల సొమ్మేం పోయింది?" అన్నాడు. నా గుండె కుదుటపడింది. చివర్లో ఆమె సింకు కింది మురికినీళ్లు ఆ ఇద్దరి మీదా కుమ్మరించినప్పుడు చప్పట్లు కొట్టాడు. సినిమా అయ్యాక కళ్లు తుడుచుకున్నాడు. ఎదురుగా బల్లమీద వేరుశనగ తొక్కలు, రెండు టీ గ్లాసులు. తొక్కలు ఎత్తింది కూడా తనే. ఇది చెప్పకపోతే అన్యాయం.

అయినా నేను ఉత్తరం సంగతి చెప్పలేదు. "పంపిస్తే ఏం పోయింది" అన్నవాడికి చెప్పడానికి ఇంకేం భయం? కానీ ఆ మాట అంత తేలిగ్గా రావడమే నన్ను వెనక్కి లాగింది. అలాంటి భర్తని తెరమీద చూసినప్పుడు ఏ మర్యాదస్తుడైనా ఆ మాటే అంటాడు. దుర్మార్గుడైన భర్త ఉన్న సినిమా పక్కన కూర్చున్న మంచి భర్తకి ఒక మెత్తని దిండు. 1982 నాటి 'అర్థ్'లో పరస్త్రీ కోసం ఇల్లు వదిలిపోయిన భర్త, 'గ్యాస్‌లైట్'లో భార్యని పిచ్చిదాన్ని చేయబోయిన భర్త. వాళ్లని చూస్తున్నంతసేపూ మన భర్తలు నిశ్చింతగా మన పక్షాన ఉంటారు. 'థప్పడ్' కొంచెం కష్టపెడుతుంది. అక్కడ భర్త పార్టీలో అందరిముందూ కొట్టింది ఒక్క చెంపదెబ్బ, అంతకుముందు అతను మనకి నచ్చే మనిషే. 'ఒక్క దెబ్బే కదా' అన్న మాట ఎవరి నోటినుంచి ఎప్పుడు జారుతుందో అని మనం చెవులు రిక్కించుకుని ఉంటాం. 2020లో అది విడుదలైనప్పుడు నా స్నేహితురాళ్లు కనీసం ముగ్గురు తమ భర్తలకి అది 'చూపించారు'. ఆ క్రియాపదం గమనించండి. చూశారు కాదు, చూపించారు. ఆ తర్వాత మేం ఫోన్లలో మార్కులు వేసుకున్నాం. మీ ఆయనేమన్నాడు, మా ఆయనిలా అన్నాడు అని. ఇది మళ్లీ పంపు దగ్గరి మాటే కదా అని ఇప్పుడు రాస్తుంటే అనిపిస్తోంది. తేడా ఏమిటంటే అమ్మావాళ్లు తేల్చింది సినిమాలో మనుషుల తప్పొప్పులు.

సరే, ఆ రాత్రికి వస్తాను. గ్లాసులు సింకులో పెట్టి వచ్చి తను ఒక మాట అడిగాడు. "ఆ పనికొచ్చే ఉష ఉంది చూడు, మైల రోజుల్లో కూడా పనిలోకి రాక తప్పదంటుంది. మన దగ్గర చేసే ఆమెకి నెలకి ఎన్ని సెలవులు?"

నాకు ఒళ్లు మండింది. సినిమాలో ఆ భార్య నెలసరి రోజుల్లో గదిలో ఒంటరిగా ఉండాల్సి వచ్చినప్పుడు వంటింటి పనికి ఉష వస్తుంది. చేరీ చేరగానే కూనిరాగం తీస్తుంది. ఆమెకి మైల పాటించే స్తోమత లేదు. ఆ దృశ్యం రెండుసార్లూ చూశాను. మా సహాధ్యాయులతో చర్చల్లో కులం ప్రస్తావన తెచ్చింది కూడా నేనే. కానీ అదంతా పేపరు ప్రజెంటేషన్ భాష. మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమెకి నెలకి రెండు రోజులు సెలవు. అంతకు మించితే ఆ రోజుల జీతం తగ్గించేదాన్ని నేనే. లెక్క రాసే క్యాలెండరు వంటింట్లోనే వేలాడుతుంటుంది. అది తనెప్పుడూ చూసినట్టు లేదు. నేను చూపించాలనుకున్నది ఒకటి, తను చూసింది ఇంకొకటి. పైగా తను చూసినదాంట్లో తప్పు చేసినదాన్ని నేను.

ఆ ప్రశ్న నిజంగా ఆమె గురించేనా, లేక సంభాషణ తన దాకా రాకుండా పక్కకి తిప్పడమా? అప్పుడు రెండోదేననుకున్నాను. మగవాళ్ల పాత ఎత్తు ఇది: స్త్రీవాదం మాట్లాడే ఆడదాని ముందు ఇంకో ఆడదాన్ని నిలబెట్టడం. ఇప్పటికీ ఆ అనుమానం పూర్తిగా పోలేదు. కానీ తప్పించుకోవడానికి అడిగినా ఆ ప్రశ్న అబద్ధమైపోదు. ఇంటిపని కార్మికుల గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడికని ఆమోదించింది. వారానికి కనీసం వరసగా ఇరవైనాలుగు గంటల విశ్రాంతి ఉండాలంటుంది అది. మన దేశం దానికి ఇంకా ధ్రువీకరణ ఇవ్వలేదు. ఈ సంగతి నేను క్లాసులో చెప్పాను. మా వంటింటి క్యాలెండరు దగ్గర ఎప్పుడూ గుర్తు రాలేదు.

సోమవారం ఆమెని అడిగాను, వారానికొక రోజు మానేస్తే వీలుగా ఉంటుందా అని. ఆమె చీపురు ఆపి, "జీతం కోస్తారా అమ్మా?" అంది. కోయనన్నాను. కాసేపు నా ముఖంలోకి చూసి, "అయితే ఆదివారం కాదు, బుధవారం ఇయ్యండి. ఆదివారం ఇంట్లో ఉంటే మా ఇంటిల్లిపాదికీ వండి పెట్టాల" అంది. ఏ సినిమాలోనూ ఇంత పదునైన మాట నేను వినలేదు.

ఐరిస్ మర్డాక్ 1970లో వచ్చిన 'ద సావరిన్టీ ఆఫ్ గుడ్'లో ఒక అత్తాకోడళ్ల ఉదాహరణ ఉంది. ఇంగ్లీషు తత్వశాస్త్రంలో అత్తాకోడళ్లేమిటని మొదటిసారి చదివినప్పుడు సంబరపడ్డాను. అత్తగారికి కోడలు మోటు మనిషిలా, చిన్నపిల్ల తనం వదలనిదానిలా కనిపిస్తుంది. కొడుకు తక్కువదాన్ని చేసుకున్నాడని బాధ. కానీ అత్తగారు మర్యాదస్తురాలు. పైకి మాటలోగానీ చేతలోగానీ ఎక్కడా తేడా చూపించదు. కొంతకాలానికి తనే ఆలోచిస్తుంది: నేను పాతకాలపుదాన్ని, కొంచెం అసూయ కూడా ఉందేమో, మళ్లీ చూద్దాం అని. చూడగా చూడగా మోటుతనం అనుకున్నది నిష్కపటంగా, చిన్నపిల్ల తనం అనుకున్నది ఉత్సాహంగా కనిపిస్తుంది. బయట ఏమీ మారలేదు. ప్రవర్తన అప్పుడూ ఇప్పుడూ ఒకటే. మారింది చూపు. నైతికంగా జరిగిన పని అంతా ఆ చూపులోనే ఉందంటుంది మర్డాక్. ఒక మనిషిని న్యాయంగా, ప్రేమగా, ఓపిగ్గా చూడటమే ఒక పని.

మన వైపునుంచి ఈ ఉదాహరణ మీద అనుమానాలు లేకపోలేదు. మన ఇళ్లలో 'మళ్లీ చూద్దాం' అని అనుకోవాల్సిన బాధ్యత ఎప్పుడూ కోడలి మీదే పడుతుంది. భర్తని ఓపిగ్గా చూడమని, అతనిలో మంచి వెతుక్కోమని మనకి చెప్పనివాళ్లెవరు? అది అణకువకి ఇంకో పేరు కావచ్చు. అందుకే చాలాకాలం మర్డాక్‌ని దూరంగానే పెట్టాను. కానీ ఆ శనివారం రాత్రిని ఆమె మాటల్లో పెట్టి చూసినప్పుడు నాకు జవాబు దొరకలేదు. నూరు నిమిషాలు నేను నా సహచరుడి ముఖం మీంచి చూపు తిప్పలేదు. అది చూడటమేనా? పరీక్ష హాల్లో ఇన్విజిలేటరు కూడా పిల్లల్ని కన్నార్పకుండా చూస్తుంది. పరీక్ష రాస్తున్నట్టు తెలియని మనిషి చేత జవాబులు రాయించుకున్నాను. అవతలివాళ్లకి తెలియకుండా వాళ్ల మనసులోని మాట లాగడం అనేది భర్తలు చేస్తే దానికి మనం పెట్టే పేర్లు నాకు తెలుసు.

బలం లేనివాళ్ల ఆయుధం అది అని నన్ను నేను సమర్థించుకోవచ్చు. సూటిగా అడిగే చోటు లేనివాళ్లు చాటుగానే అడుగుతారు. మా అమ్మమ్మ తనక్కావలసిన కూర తాతయ్య చేత అడిగించుకునేది, ఆయనకే తినాలనిపించినట్టు. ఆమెని తప్పుపట్టను. కానీ నేను అమ్మమ్మని కాను. నాకు చోటుంది. చోటు ఉండి కూడా చాటు వెతుక్కోవడానికి పితృస్వామ్యాన్ని సాక్షిగా పిలవడం కుదురుతుందా? కొంతవరకు కుదురుతుందేమో. భర్త ఉద్యోగం వస్తే 'ఎప్పుడు బయల్దేరాలి' అనే ప్రశ్న, భార్యకి వస్తే 'వెళ్లాలా వద్దా' అనే ప్రశ్న. ఈ తేడా నేను కనిపెట్టింది కాదు. ఆ భయం నా ఒక్కదానిది కాదు. దాంతో నేనేం చేశానన్నది మాత్రం నాదే.

తర్వాతి శనివారం తన వంతు. తను 'చారులత' పెట్టాడు. నా థీసిస్‌లో ఒక అధ్యాయం దాని మీదే, అందుకని ఎంచాడు. 1901 నాటి టాగోర్ 'నష్టనీడ్' ఆధారంగా 1964లో సత్యజిత్ రాయ్ తీసిన సినిమా. మొదట్లో కొన్ని నిమిషాలు మాటలే ఉండవు. చారు కిటికీ తలుపుల సందుల్లోంచి ఆపెరా గ్లాసుతో వీధిలో మనుషుల్ని చూస్తుంటుంది. భర్త భూపతి పుస్తకం చదువుకుంటూ వరండాలో ఆమె పక్కనుంచే వెళ్తాడు, ఆమెని చూడకుండా. ఆమె అదే ఆపెరా గ్లాసెత్తి, రెండడుగుల దూరంలోంచి వెళ్లిపోయిన భర్త వీపుని చూస్తుంది. భూపతి చెడ్డవాడు కాదు. కొట్టడు, అరవడు, అనుమానించడు. దేశం కోసం పత్రిక నడుపుతుంటాడు. భార్యకి తోచడం లేదని గ్రహించి బంధువుల్ని పిలిపిస్తాడు, ఆమె రచనని ప్రోత్సహించమని తమ్ముడి వరసైన అమల్‌కి పురమాయిస్తాడు. తనే కూర్చుని ఆమెతో మాట్లాడాలని మాత్రం తోచదు. మంచి భర్తకి దిండు అందించని సినిమా ఏదైనా ఉంటే ఇదే. ఈసారి తను తప్పించుకోలేడనుకున్నాను. చూశారా, మళ్లీ అదే బుద్ధి.

నలభై నిమిషాలకి తను నిద్రపోయాడు. నోరు కొద్దిగా తెరుచుకుని, తల నా భుజం మీద. అంతకుముందు వారమంతా ఆఫీసులో ఆడిట్ పని. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసీ గుర్తులేదు. నేను సినిమా ఆపలేదు. చివరి దృశ్యంలో ఒకరివైపు ఒకరు చాచిన చేతులు కలవకుండానే రాయ్ బొమ్మని నిలిపేస్తాడు. ఆ నిశ్చలచిత్రం మీద పద్దెనిమిది పేజీలు రాశాను. అప్పుడు మొదటిసారి అది తెరమీద ఉండగా పక్కనున్న మనిషి ముఖం చూశాను. ఈసారి ఏ జవాబూ ఎదురుచూడకుండా. అలిసిపోయిన ముఖం, గడ్డం మీద నేను ఎప్పుడూ గమనించని రెండు తెల్లవెంట్రుకలు.

మర్నాడు పొద్దున గోరుచిక్కుడు కాయలు ఈనెలు తీస్తూ ఉత్తరం సంగతి చెప్పేశాను. చెప్పడానికి ఒకటిన్నర నిమిషం పట్టింది. ముందు నవ్వాడు, "ఏడేళ్లకి వచ్చిందన్నమాట" అని. ఎప్పుడొచ్చిందని అడిగితే తేదీ చెప్పాను. చేతిలో కాయ పక్కన పెట్టాడు. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. అప్పుడు తన ముఖం మారింది.

"పోయిన వారం ఆ సినిమా అందుకేనా పెట్టింది?"

నేను మాట్లాడలేదు.

"నన్ను నువ్వు అడగొచ్చు కదా. సినిమా చేత అడిగించావా?"

రెండు రోజులు మా మధ్య సరిగ్గా మాటల్లేవు. ఉద్యోగం గురించి ఒక్క మాట కాదనలేదు. పదిహేడు రోజులు నేను తనని నమ్మలేదన్నది తన కోపం. తను నమ్మదగ్గవాడా అన్నది నేనెన్నడూ నేరుగా అడిగి తేల్చుకోలేదన్నది నా సిగ్గు. కానీ నేనూ ఒక మాటన్నాను. ఏడేళ్లలో ఒక్కసారైనా 'బయట ఊళ్లో వస్తే ఏం చేద్దాం' అని నువ్వే ముందుగా అడిగి ఉంటే నేను చాటుకి పోయేదాన్నా అని. దానికి తను జవాబు చెప్పలేదు. ఆ లెక్క మా మధ్య ఇంకా తేలలేదు, తేలుతుందన్న నమ్మకం కూడా లేదు.

స్టాన్లీ కావెల్ అనే అమెరికన్ తత్వవేత్త 1981లో 'పర్సూట్స్ ఆఫ్ హాపీనెస్' అనే పుస్తకం రాశాడు. 'ఇట్ హాపెన్డ్ వన్ నైట్' లాంటి ఏడు పాత హాలీవుడ్ హాస్యచిత్రాల మీద. పెళ్లంటే సంభాషణ అనీ, అది ఆగిపోయిన చోట పెళ్లి కూడా ఆగిపోయినట్టేననీ, మళ్లీ మాట కలిపిన ప్రతిసారీ అదే మనిషిని మళ్లీ పెళ్లి చేసుకుంటున్నట్టనీ ఆయన వాదన. పెళ్లికి ముఖ్య ప్రయోజనం సంభాషణేనన్న మాటని మిల్టన్ విడాకుల మీద 1643లో రాసిన పుస్తకంలోంచి తెచ్చుకున్నాడు. చూపు పోయాక అదే మిల్టన్ తన కూతుళ్ల చేత వాళ్లకి అర్థంకాని భాషల్లో పుస్తకాలు చదివించుకునేవాడని చెప్తారు. సంభాషణ గురించి గొప్పగా రాసిన ఇంట్లోనే ఆడపిల్లలు అర్థం తెలియని శబ్దాలు పలుకుతూ కూర్చున్నారు. ఇక్కడా 'చదివించు'కోవడమే. కావెల్ చెప్పిన సంభాషణ నాకు ఇష్టమే, కానీ అందులో ఎవరు ప్రశ్న వేస్తారు, ఎవరి చేత వేయిస్తారు అన్నది ఆయన తగినంత అడగలేదేమో.

ఉద్యోగంలో చేరి ఏడాది దాటింది. రెండు వారాలకొకసారి ఎవరో ఒకరం రైలెక్కుతాం. మిగతా శనివారాలు ఫోన్ పక్కన పెట్టుకుని, ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టి, రెండు ఊళ్లలో రెండు లాప్‌టాప్‌లలో ఒకేసారి సినిమా మొదలెడతాం. తన నెట్ నెమ్మది, అక్కడ నాలుగు సెకన్లు ఆలస్యం. నేను నవ్విన తర్వాత తను నవ్వడం వినిపిస్తుంది. తన ముఖం నాకు కనబడదు. పోయిన వారం వంతు నాది. సినిమా పేరు చెప్పగానే, "ఇందులో నాకేమైనా ప్రశ్న ఉందా?" అని అడిగాడు. ఉంది, ముందే అడిగేస్తానన్నాను. అడిగాను. మాట్లాడుతూ మాట్లాడుతూ పదకొండున్నరైంది, సినిమా పెట్టనేలేదు.